ఒత్తులు లేని మాట

2001 వానాకాలంలో ఒకరోజు, మిర్యాలగూడలోని ఒక హైస్కూలు ల్యాబులో, ప్రేమ్‌కుమార్ చేతిలోంచి గాజు జాడీ జారి పగిలింది. ఆయన అక్కడ అటెండరు. ఏళ్ల తరబడి ఆ గాజుసామాను కడిగి, తుడిచి, అలమరలో సర్దినవాడే. చేయి తడిగా ఉందేమో అనుకున్నాడు. కొన్నాళ్లకు చొక్కా గుండీ పెట్టుకోవడం రాలేదు. ఎడమచేతి వేళ్లు మెల్లమెల్లగా మాట వినడం మానేశాయి.

ఆయన భార్య భాగ్యది పాలకీడు. కూలికి పోయే ఇంట్లో పుట్టి, ఏడో తరగతితో బడి మానేసి, కుట్టుమిషను నేర్చుకున్న మనిషి. రైసుమిల్లుల వెనక సందులో రెండు గదుల రేకుల ఇల్లు వాళ్లది. పొద్దున ఆరేసిన బట్టల మీద సాయంత్రానికల్లా ఊకదుమ్ము పేరుకునేది. ఒక్కతే కూతురు తారా, సూర్యాపేటలో హాస్టల్లో ఉండి చదువుకునేది. భాగ్య కొబ్బరినూనె వేడి చేసి పూటపూటకూ భర్త చేతికి రుద్దింది. చేయి సన్నబడుతూనే ఉంది. తర్వాత మాట ముద్దముద్దగా రావడం మొదలైంది. స్కూల్లో పిల్లలు ఆయన తాగి వస్తున్నాడనుకున్నారు.

హైదరాబాదు పెద్ద దవాఖానలో జబ్బు పేరు ఇంగ్లీషులో చెప్పారు. నరాలు చచ్చిపోతాయి, కండరాలు ఒక్కొక్కటే పని మానేస్తాయి, తెలివి మాత్రం చివరిదాకా చెడదు, మందు లేదు అని తర్వాత తెలుగులో చెప్పారు. భాగ్యకు సగమే అర్థమైంది. ప్రేమ్‌కుమార్‌కు మొత్తం అర్థమైంది. తిరుగుబస్సులో నార్కట్‌పల్లి దాటేదాకా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, ఆగి ఆగి అన్నాడు.

“నా నోరు బందయ్యేలోపట ఒక పని ఖతం జెయ్యాలె. నువ్వు జర సాయం జెయ్యి.”

ఆ పని ఇంట్లో ఉన్న పాత కంప్యూటరు మీద.

ఎనభైల్లో సర్కారు కొన్ని బడులకు కంప్యూటర్లు ఇచ్చింది. ఇంగ్లండు తయారీవి. కీబోర్డూ కంప్యూటరూ ఒకే డబ్బాలో ఉండేవి, దాన్ని టీవీకి తగిలించాలి. దాచుకున్న ప్రోగ్రాములు క్యాసెట్లో ఉంటాయి, టేప్‌రికార్డరు తిప్పితే లోపలికి ఎక్కుతాయి. సార్లకు వాటితో పెద్దగా పని పడలేదు. వాటికి దుమ్ము దులుపుతూ, వాటితో వచ్చిన పుస్తకం పట్టుకుని కూడబలుక్కుంటూ, ప్రేమ్‌కుమారే వాటిని నేర్చుకున్నాడు. తర్వాత స్టోర్‌రూములో పడేశారు. విరిగిన బెంచీలతో పాటు వేలం వేసినప్పుడు ఆయన ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. సాయంత్రాలు దాని ముందు కూర్చుని బొమ్మలు గీసేవాడు, పాటలు మోగించేవాడు. భాగ్యకు అది చిన్నపిల్లల ఆటలా అనిపించేది, ఏమీ అనేది కాదు.

ఇప్పుడు ఆయన దాని మీద తెలుగు అక్షరాలు గీశాడు. ఒక్కో అక్షరానికి గళ్లు లెక్కవేసి, ఏ గడి వెలగాలో ఏది ఆరాలో కుడిచేతి రెండు వేళ్లతో కొట్టేవాడు. చెయ్యి జారిపోతే భాగ్య మోచేతి కింద దిండు పెట్టేది. వేళ్లు అలసిపోయినప్పుడు ఆయన చెప్తుంటే ఆమే మీటలు నొక్కేది. ప్రోగ్రాము ఇలా పనిచేసేది. టీవీ తెర మీద అక్షరాల వరసలుంటాయి. ఒక వెలుగుగడి వరస తర్వాత వరస మీదికి దిగుతూ పోతుంది. కావలసిన వరస మీదికి రాగానే ఒక బటను నొక్కితే, గడి ఆ వరసలో అక్షరం తర్వాత అక్షరం మీదికి జరుగుతుంది. మళ్లీ నొక్కితే ఆ అక్షరం కింద పడుతుంది. గుణింతాలకు వేరే వరస. బటను అంటే ఇంటి గుమ్మానికి పెట్టే కాలింగ్‌బెల్లు మీటే. మిర్యాలగూడలో టీవీలు బాగుచేసే భాస్కర్ దాన్ని చెక్కముక్కకు బిగించి, ప్రేమ్‌కుమార్ కుడి బొటనవేలి కిందకు వచ్చేలా అమర్చాడు. భాస్కర్ ఆయనను అన్నా అని పిలిచేవాడు.

ఒత్తుల వరస గీయకముందే వేళ్లు పడిపోయాయి. భాగ్య తాను గీస్తానంది. కానీ ఏ ఒత్తు ఎక్కడ దిగాలో చెప్పడానికి అప్పటికి ఆయన నోరూ తిరగడం లేదు. అందుకని ఆయన మాటలు ఒత్తులు లేకుండానే ఉండిపోయాయి. అన్నం కావాలంటే ‘అననం’ అని పడేది. నొప్పి ‘నొపపి’. భాగ్య తన పేరు మొదటిసారి తెర మీద చూసినప్పుడు ‘భాగయ’ అని ఉంది. ఆమె నవ్వింది. ఆయన ముఖం అప్పటికే నవ్వలేకపోయేది, కళ్లు మాత్రం తడిశాయి.

2003 నాటికి నోటి మాట పూర్తిగా పోయింది. ఉద్యోగం అంతకు ముందే పోయింది. ఆయనను మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి, టీవీ ఎదురుగా పెట్టి, భాగ్య పక్కనే మిషను కుట్టుకునేది. టకటక కొడుతూ మధ్యమధ్య తల ఎత్తి తెర చూసేది. ‘ఈగ’ అని ఉంటే లేచి ఈగను తోలేది. ‘తారా ఫోన చేసిందా’ అని ఉంటే జవాబు చెప్పేది. ఒక వాక్యానికి ఒక జాకెట్టు చేతులు కుట్టడం అయ్యేది.

ఆ కంప్యూటరుకు ఒక రోగం ఉంది. బాగున్నప్పుడు స్విచ్చి వేయగానే ముందు బొంగురుగా ఒక ‘బూ’, వెంటనే సన్నగా ఒక ‘బీప్’ వినిపించేవి, తెర మీద అక్షరాలు వచ్చేవి. కొన్నిసార్లు ఆ బీప్ వచ్చేది కాదు. బూ అని మొదలై అలా మోగుతూనే ఉండేది, తెర నల్లగా ఉండేది. లేదా తెర నిండా చుక్కలు. ఆపి, కాసేపాగి, మళ్లీ వేస్తే ఒక్కోసారి లేచేది, ఒక్కోసారి పూటంతా లేచేది కాదు. ఒకసారి లేచిందంటే మాత్రం ఎంతసేపైనా నడిచేది. కానీ ఆ రోజుల్లో కరెంటు ఎంతసేపని ఉంటుంది? పొద్దున ఒక కోత, మధ్యాహ్నం ఒక కోత. పోయిన ప్రతిసారీ అది చచ్చిపోయి మళ్లీ పుట్టాలి. ఇన్వర్టరు తెచ్చి తగిలిస్తే తెర వణికింది, క్యాసెట్టు ఎక్కలేదు.

ప్రేమ్‌కుమార్ అన్న లాజరు కోదాడలో లారీల బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. తమ్ముడంటే ప్రాణం. వచ్చినప్పుడల్లా పాస్టరు గారు ప్రార్థించి ఇచ్చిన నూనె తెచ్చేవాడు. ఆ డబ్బా అవతల పారేసి కొత్త కంప్యూటరు కొంటానన్నాడు. భాస్కర్ రెండు మూడు కంప్యూటరు సెంటర్లలో వాకబు చేశాడు. ఒక్క బటనుతో తెలుగు రాసేది ఏదీ వాళ్ల దగ్గర లేదు. రాసిపెట్టేవాళ్లూ దొరకలేదు. ఉన్నదాన్నే బాగుచేసుకోవాలి.

బాగుచేయడం తెలిసిన మనిషి మంచం మీదే ఉన్నాడు. అయితే అది నడిస్తేనే ఆయన చెప్పగలడు, చెడిందంటే ఆయన నోరు కూడా మూతపడ్డట్టే. అందుకని అది లేచిన రోజుల్లో ఆయన కొంచెం కొంచెంగా భాగ్యకు నేర్పాడు. తిండి మాటలు, నొప్పి మాటలు తగ్గించుకుని, బొటనవేలికి ఉన్న బలమంతా దానికే ఖర్చు పెట్టాడు. మొదట కరెంటును అనుమానించాడు. వడ్ల సీజనులో మిల్లులన్నీ తిరుగుతుంటే సందులో బల్బు కూడా ఎర్రగా వెలిగేది. భాస్కర్ స్టెబిలైజరు తెచ్చి పెట్టాడు. మొండికేయడం కొంత తగ్గింది గానీ ఆగలేదు. ఒకరోజు డబ్బాలోంచి మురుగు వాసనతో తెల్లటి పొగ లేచింది. భాగ్య భయపడి వైరు పీకేసింది. లోపల ఒక చిన్న కెపాసిటరు పగిలింది, భాస్కర్ కొత్తది వేశాడు. రోగం అలాగే ఉంది.

తర్వాత చిప్పులు. బోర్డు మీద నల్లటి బిళ్లలు, జెర్రికి ఉన్నట్టు రెండు పక్కలా కాళ్లు. వేడికీ చలికీ అవి కూర్చున్న చోటునుంచి లేస్తాయని, బొటనవేలితో ఒక్కొక్కటీ అదిమి పెట్టాలని, కాళ్లు నల్లబడితే రబ్బరుతో రుద్దాలని ఆయన చెప్పాడు. ఎర్రమట్టి నేల మీద ఒట్టికాళ్లతో నిలబడి పని చేయకు, కాళ్ల కింద చెక్క వేసుకో అని కూడా చెప్పాడు. భాగ్య బోర్డును ఒళ్లో పెట్టుకుని, గుండీలు కుట్టినంత జాగ్రత్తగా అన్నీ చేసింది. అదిమినప్పుడు కిర్రుమని చిన్న చప్పుడు. ఆ తర్వాత చాలా వారాలు ఏ పేచీ లేకుండా లేచింది. రోగం కుదిరిందని ఇద్దరూ అనుకున్నారు. చలి మొదలవగానే మళ్లీ మొదటికొచ్చింది.

అది లేవని రోజుల కోసం ఇద్దరూ ఇంకొక ఏర్పాటు చేసుకున్నారు. అవునంటే రెప్పలు గట్టిగా మూసి తెరవాలి. కాదంటే పైకి, రేకుల వైపు చూడాలి. భాగ్య అడగాలి, ఆయన చెప్పాలి. అయితే ఆమెకు తోచిన ప్రశ్నలకే ఆయన జవాబు చెప్పగలడు. ఆమెకు తోచనిది ఆయనలోనే ఉండిపోయేది. ఒకసారి పొద్దంతా అడిగి అడిగి, ఆయనకు ఏం కావాలో తెలియక, ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు కంప్యూటరు లేచాక ఆయన రాసింది ఒకటే మాట. ‘గోడ మీద తేలు’. తేలు అప్పటికి ఎటో పోయింది.

2005 చలికాలానికి ఊపిరి తగ్గింది. పడుకోబెడితే ఉక్కిరిబిక్కిరి అయ్యేవాడు, అందుకని కూర్చునే నిద్రపోయేవాడు. ఊళ్లో చూసే డాక్టరు ఇంటికి వచ్చి చెప్పాడు. ఇవాళో రేపో ఊపిరి సొంతంగా ఆడదు, హైదరాబాదు తీసుకుపోతే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి మిషను మీద ఊపిరి ఆడిస్తారు, అలా కొన్నాళ్లో కొన్నేళ్లో బతకొచ్చు, మంచం మీద ఇలాగే. వద్దంటే ఇక్కడే బాధ తెలియకుండా చూస్తాం. ముందే అనుకుని పెట్టుకోండి అన్నాడు. అదంతా ఆయన ఎదుటే చెప్పాడు.

డాక్టరు పోయాక భాగ్య బియ్యం ఏరుతూ కూర్చుంది. వెలుగుగడి తెర మీద కదులుతూనే ఉంది. సాయంత్రం అవుతుండగా అక్షరాలు పడడం మొదలైంది. మధ్యలో వేలు ఆగిపోయేది, గడి రెండు మూడు చుట్లు ఉత్తగా తిరిగేది. చివరికి ఇలా ఉంది: ‘గొటటం సంగతి రేపు చెపత’.

“ఇప్పుడే జెప్తవా?” అని ఆమె అడిగింది.

ఆయన రేకుల వైపు చూశాడు. అలసిపోయాడు. భాగ్య మూతి తుడిచి, దిండ్లు సర్ది, కంప్యూటరు ఆపకుండానే వదిలేసింది. తెల్లారకముందే కరెంటు పోయింది.

కరెంటు వచ్చేసరికి సందులో ఎండ పడింది. భాగ్య స్విచ్చి వేసింది. బూ అని మొదలై ఆగలేదు. ఆపి మళ్లీ వేసింది. మళ్లీ అదే మోత. ఆయన కళ్లు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు. ఒళ్లు కొద్దిగా వేడిగా ఉంది. చలికేమో అనుకుంది. గొట్టం సంగతి కళ్లతో అడగొచ్చని ఆమెకు తట్టింది, అడిగింది కూడా.

“పెట్టియ్యాల్నా?” అంది. ఆయన రెప్పలూ మూయలేదు, పైకీ చూడలేదు. సూటిగా కంప్యూటరు వైపు చూశాడు. “వద్దా?” అంది. అప్పుడూ కంప్యూటరు వైపే. అవును, కాదు అనే రెండు మాటల్లో పట్టేది కాదు ఆయన చెప్పదలుచుకున్నది. అది ఆమెకు అర్థమైంది.

పక్కింటి పిల్లతో భాస్కర్‌కు ఫోను చేయించి, మూత స్క్రూలు విప్పింది. చిప్పులన్నీ అదిమింది. కాళ్లు రుద్దింది. స్టెబిలైజరు ముల్లు చూసింది, బాగానే ఉంది. లేవలేదు. అప్పుడు బోర్డును డబ్బాతో సహా ఎత్తి ఆయన కళ్ల ముందు ముక్కాలిపీట మీద నిలబెట్టింది. జడలోంచి హెయిర్‌పిన్ను తీసి, దాని మొనతో ఒక్కొక్కటీ చూపిస్తూ అడిగింది. ఇదా? రేకుల వైపు చూశాడు. ఇదా? మళ్లీ రేకుల వైపు. బోర్డు మీద ఉన్నవన్నీ అయిపోయాయి. ఆమె పిన్ను పక్కన పెట్టబోతుంటే ఆయన కళ్లు ఒక మూలకు పోయాయి. అటు పక్క కరెంటు డబ్బా, అందులోంచి బోర్డుకు వచ్చే లావాటి వైర్లు. ఆమె ఎప్పుడూ వాటిని పట్టించుకోలేదు. కొసల్లో ప్లాస్టిక్ తొడుగులు ఉండి, చూడడానికి కొత్తవాటిలా ఉంటాయి. పిన్ను వాటి మీద పెట్టింది. ఆయన రెప్పలు మూశాడు.

నల్ల వైర్లు కాదన్నాడు. ఎర్రవాటిలో మూడోదానికి రెప్పలు మూశాడు. ఆమె తొడుగును గోటితో వెనక్కి జరిపింది. కింద రాగిపోగులు మాడి గోధుమరంగులో ఉన్నాయి. దాదాపు అన్నీ తెగిపోయాయి, రెండు మూడు పోగులే తగిలీ తగలక ఉన్నాయి. పొద్దు వెచ్చబడితే అవి సాగి అంటుకునేవి, చలికి ముడుచుకుని విడిపోయేవి. లాగితే వైరు ఆమె చేతిలోకి వచ్చేసింది. ఏళ్లుగా వెతికిన రోగం అదే.

ఆమె దాన్ని ఆయనకు చూపించింది. ఆయన రెప్పలు మూసి, చాలాసేపటికి గానీ తెరవలేదు.

భాస్కర్ వచ్చేసరికి మధ్యాహ్నం కోత మొదలైంది. టంకం వేసే కడ్డీకి కరెంటు కావాలి. ముగ్గురూ కూర్చుని ఎదురుచూశారు. భాగ్య జావ తాగించబోతే ఆయనకు దిగలేదు, దగ్గు కూడా రాలేదు, గొంతులో గురగుర మాత్రం వినిపించింది. కరెంటు రాగానే భాస్కర్ వైరు కొస కోసి, కొత్త కొన వేసి, టంకం పెట్టాడు. స్విచ్చి వేశారు. బూ, బీప్. భాస్కర్ ఆపి మళ్లీ వేశాడు. బూ, బీప్. ఎన్నిసార్లు వేసినా ఒక్కసారీ తప్పలేదు. క్యాసెట్టు తిరిగింది, అక్షరాలు వచ్చాయి, వెలుగుగడి పైవరస నుంచి దిగడం మొదలుపెట్టింది. భాగ్య చెక్కముక్క తెచ్చి ఆయన బొటనవేలి కింద పెట్టింది.

“ఇగ జెప్పు” అంది.

గడి కింది దాకా వచ్చి మళ్లీ పైకి పోయింది. ఇంకొకసారి వచ్చింది. ఇంకొకసారి. వేలు కదలలేదు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. భాగ్య బటనును కొంచెం జరిపింది. వేలిని వేడినీళ్ల గుడ్డతో ఒత్తింది. గడి తిరుగుతూనే ఉంది. ఒక క్షణం ఆమె తన వేలు ఆయన వేలి మీద పెట్టింది. తాను నొక్కితే అక్షరం పడుతుంది, పడిన అక్షరం మాత్రం తనదే అవుతుంది. చేయి తీసేసింది.

భాస్కర్ ఒక పలుచటి స్ప్రింగు స్విచ్చి తెచ్చి గడ్డం కింద పెట్టాడు, చెంపకు ఆనించాడు, కనుబొమ్మ దగ్గర టేపుతో అంటించాడు. ఎక్కడా అది నొక్కుకోలేదు. సాయంత్రానికి జ్వరం పెరిగింది. ఆయన కళ్లు తెర మీద నిలవడం లేదు. భాస్కర్ పనిముట్లు సర్దుకుంటూ, “వదినా, దవాఖానకు తీస్కపోదాం. ఇది తర్వాత సూద్దాం” అన్నాడు.

దవాఖానలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. మర్నాడు పొద్దున కబురు విని లాజరు కోదాడ నుంచి వచ్చాడు. వస్తూ వస్తూ అంబులెన్సు కూడా మాట్లాడి తెచ్చాడు. డాక్టరు ఇద్దరినీ పిలిచి, హైదరాబాదు తీసుకుపోయేదుంటే ఈ పూటే పోవాలని, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పాలని అన్నాడు.

భాగ్య మంచం దగ్గరికి పోయి వంగి ఆయన ముఖం రెండు చేతులతో పట్టుకుంది. గొట్టం పెట్టించాలా అని అడిగింది. రెప్పలు మూతపడ్డాయి. తెరుచుకునే దాకా ఆగి, వద్దా అని అడిగింది. రెప్పలు మళ్లీ అలాగే మూతపడ్డాయి. మూడోసారి ఏమీ అడగకుండా ఊరికే చూసింది. రెప్పలు వాటంతట అవే మూతపడ్డాయి, వాటంతట అవే కొంచెం తెరుచుకున్నాయి. మాట కాదు అది, జ్వరం.

లాజరు ఆమె వెనకే నిలబడి చూశాడు. “ఔనన్నాడు గదా భాగ్యా. మొదట అడిగినప్పుడే మూశాడు. నేను చూశాను” అన్నాడు.

“రెండిట్లకూ మూసిండు బావా. నాకు సమజైతలేదు.”

“సమజు కాకపోతే బతికించే దిక్కే పోవాలి. ప్రాణం ఉంటే తర్వాత అడుక్కోవచ్చు.”

ఆమె భర్త బొటనవేలు చేతిలోకి తీసుకుని చూసింది. వేలు పోయింది. రేపోమాపో కళ్లు కూడా పోతాయి. గొట్టం పెట్టాక లోపల తెలివి ఉంటుంది, దాని నుంచి ఒక్క మాటా బయటికి రాదు. గోడ మీద తేలు ఉన్న రోజు ఆయన కళ్లు ఎలా ఉన్నాయో ఆమెకు తెలుసు. అది లాజరుకు చెప్పినా అర్థం కాదని అనుకుంది. డాక్టరు వైపు తిరిగింది.

“ఆయన ఏమన్నడో నాకు తెల్వది సారూ. ఆయన అన్నడని నేను జెప్ప. నేనే అంటున్న. వద్దు. ఈడనే ఉంచుండ్రి” అంది.

లాజరు బయటికి పోయి, అంబులెన్సు వాణ్ణి పంపించేశాడు. తర్వాత వచ్చి తమ్ముడి కాళ్ల దగ్గర కూర్చున్నాడు, లేవలేదు. తారాను సూర్యాపేట నుంచి తీసుకొచ్చారు. ఆ పిల్ల నాన్న చెయ్యి పట్టుకుని బడి సంగతులు చెప్తూనే ఉంది. మర్నాడు మధ్యాహ్నం ప్రేమ్‌కుమార్ ఊపిరి ఆగింది. క్రిస్మస్‌కు ఇంకా వారం ఉంది. చర్చిలో పాటలు నేర్చుకుంటున్న పిల్లలను ఆపి, గంట కొట్టారు.

సమాధి దగ్గర లాజరు అందరి ముందూ ఒక్క మాట అన్నాడు, తమ్ముడు బతకాలనుకున్నాడు, వినేవాళ్లు లేకపోయారని. ఆ తర్వాత ఆయన ఇంటికి రావడం మానేశాడు. చర్చిలో ఆడవాళ్లు ఆమె పక్కన కూర్చునేవాళ్లే గానీ, మాటలు తగ్గాయి. కట్టుకున్నవాడికి ఊపిరి వద్దన్న మనిషి అని ఒకరు అన్నట్టు ఆమె చెవిన పడింది.

కంప్యూటరు ఆ తర్వాత ఒక్కరోజూ మొరాయించలేదు. ఆమె కొన్నాళ్లు పొద్దున లేచి స్విచ్చి వేసేది. బూ, బీప్. క్యాసెట్టు ఎక్కించేది. గడి వరసల మీద తిరుగుతుంటే మిషను కుట్టుకునేది. ఎందుకలా చేసేదో కొన్నేళ్ల తర్వాత, ఆమెకు పొరుగున ఉండే నేను అడిగితే, ఇల్లు మరీ సప్పుడు లేకుండా ఉండేదని నాతో అంది. తర్వాత ఒక వానాకాలం రేకుల సందులోంచి నీళ్లు కారి క్యాసెట్ల పెట్టె తడిసింది. ఆరబెట్టి వేస్తే టేపు చిక్కుపడి తెగింది. భాస్కర్ అతికించి చూశాడు. కంప్యూటరు మంచిగా లేచేది, ప్రోగ్రాము మాత్రం ఎక్కేది కాదు. ఆయన గీసిన అక్షరాలు వేరే ఎక్కడా లేవు. గరిడేపల్లి నుంచి పరశురాములు అనే గొర్రెల కాపరి, పక్షవాతంతో మాట పడిపోయిన తల్లి కోసం ఆ కంప్యూటరు సంగతి విని వెతుక్కుంటూ వచ్చింది ఆ తర్వాతే. భాగ్య అతనికి చాయ్ పెట్టి ఇచ్చి, కళ్లతో ఎలా అడగాలో చెప్పి పంపింది. ఆ పద్ధతి ఎంతవరకు పనికొస్తుందో కూడా చెప్పింది.

2008లో తారా ఇంటర్లో చేరినప్పుడు భాగ్య మిర్యాలగూడ ఇల్లు ఖాళీ చేసి సూర్యాపేట వచ్చి మా పక్క వాటాలో దిగింది. భాస్కర్ చెప్పి పెట్టడంతో ఇక్కడ స్టెబిలైజర్లు, ఫ్యాన్లు బాగుచేసే షాపులో పని దొరికింది. వైర్లు చుట్టడం, టంకం వేయడం ఆమె పని. కొసల తొడుగులు జరిపి చూడనిదే ఏ సామానూ వాపసు ఇవ్వదు. ఎక్కువ మాట్లాడదు. ఎవరైనా తలూపి జవాబు చెప్తే, నోటితో చెప్పమంటుంది. ఆ ఒక్క విషయంలో కసురుకుంటుంది కూడా.

లాజరు మళ్లీ వచ్చింది 2010లో, తారాకు నర్సింగులో సీటు వచ్చిందని విని. అప్పటికి ఆయన రిటైరయ్యాడు, నడుము వంగింది. పిల్లకు గడియారం తెచ్చాడు. ఆ పూట నేనూ అక్కడే ఉన్నాను. లేచి వెళ్లబోతే భాగ్య కూర్చోమంది. అన్నం తిన్నాక ఆయన చేయి కడుక్కుని వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని అడిగాడు.

“ఇన్నేళ్లయింది. ఇప్పుడన్నా చెప్పు భాగ్యా. వాడు ఆ రోజు ఏం చెబుదామనుకున్నాడు?”

“నాకు తెల్వదు బావా.”

“ఒక అంచనా అయినా ఉంటది గదా. వాడితో కాపురం చేశావు.”

“రోజుకో తీరుగ అనిపిస్తది. ఒకరోజు వద్దనేటోడే అనిపిస్తది. ఇంకోరోజు, బిడ్డ పెండ్లి దాంక ఉంచమనేటోడేమో అనిపిస్తది. ఏ రోజు అనిపించింది నిజమో నాకు తెల్వదు.”

ఆయన తల వంచుకున్నాడు. “నేనైతే తీసుకెళ్లేవాణ్ణి” అన్నాడు.

“తీస్కపోయేటోనివే” అంది ఆమె. అందులో కోపం లేదు.

తారా లోపల పళ్లేలు కడుగుతోంది. లాజరు చీకటి పడకముందే కోదాడ బస్సు అందుకోవాలని లేచాడు. భాగ్య హైవే దాకా ఆయన సంచి మోసుకుంటూ పోయింది. నేను వాకిట్లోంచి చూశాను. ఇద్దరూ పక్కపక్కనే నడుస్తున్నారు. ఆమె తిరిగొచ్చాక చెప్పులు విడిచి, తారా కోసం తెల్ల యూనిఫారం గుడ్డ పరిచి, కొలత టేపు మెడలో వేసుకుంది.